కువైటా, థాయ్‌లాండా, జపానా? ఇంగ్లీష్ టీచర్‌గా బయటికి వెళ్లే ముందు ఇంటి దూరం లెక్క

అనంతపురంలో ఎమ్మే ఇంగ్లీష్, బీఈడీ పూర్తి చేసి డీఎస్సీకి చదువుకునే పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే. "అన్నా, టీచర్‌గా బయటికి పోవాలంటే యా దేశం బాగుంటాది?" నేను నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న వస్తుంది: జీతం ఎంత? ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఒక చిన్న ఊరి బడిలో పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి, చిన్నాన్న పిల్లలు షార్జాలోనూ కువైట్‌లోనూ ఉన్నవాణ్ణి కాబట్టి జీతాల సంగతి కొంత తెలుసు. అయినా వాళ్లను వేరే ప్రశ్నతో మొదలుపెట్టమంటాను. రాత్రి పదింటికి ఫోన్ వచ్చి, నాన్నను కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చామని చెబితే, మరుసటి రోజు సాయంత్రానికి మీరు ఆ మంచం పక్కన ఉండగలరా? అక్కడి చట్టం ఒప్పుకుంటుందా, స్కూలు కాంట్రాక్టు ఒప్పుకుంటుందా, జేబు ఒప్పుకుంటుందా?

ఈ ప్రశ్నతో కొలిస్తే దేశాల వరస మారిపోతుంది. జీతాల పట్టికలో పైన ఉన్నవి కొన్ని కిందికి దిగుతాయి.

ముందు మీ ఫైలు తీసి చూడండి

ఎంపిక మన చేతుల్లో ఉందనుకుంటాం గానీ, సగం ఎంపిక సర్టిఫికెట్లే చేసేస్తాయి. బీఈడీ ఉన్నవాళ్లకు గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లు తలుపు తీస్తాయి. అవి ఎక్కువగా సీబీఎస్ఈ సిలబస్‌వి. ఇక్కడి కార్పొరేట్ స్కూల్లో రెండేళ్లు నలిగిన అనుభవం అక్కడ బాగా పనికొస్తుంది. బీఈడీ లేకుండా డిగ్రీ మాత్రమే ఉంటే థాయ్‌లాండ్, వియత్నాం. ఈ రెండు చోట్లా 120 గంటల టెఫెల్ (విదేశీయులకు ఇంగ్లీష్ నేర్పే శిక్షణ) సర్టిఫికెట్ అడగడం మామూలు. ఇంగ్లీష్ మాతృభాష కాని మనలాంటివాళ్లను ఐఈఎల్‌టీఎస్ గానీ టోయిక్ గానీ, ఏదో ఒక ఇంగ్లీష్ పరీక్ష రాసి రమ్మంటారు. థాయ్ స్కూళ్లు ఎక్కువగా టోయిక్‌లో 600 చూస్తాయి.

జపాన్ ప్రభుత్వ బడుల్లో అసిస్టెంట్ టీచర్‌గా చేరాలంటే ఒక నిబంధన ఉంది. కనీసం 12 ఏళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివినట్టు చూపించాలి. మండల కేంద్రంలో తెలుగు మీడియం చదివి, తర్వాత సొంతంగా కష్టపడి ఎమ్మే ఇంగ్లీష్ చేసిన పిల్లలకు ఈ తలుపు మూసుకున్నట్టే. ఎంత బాగా మాట్లాడినా లెక్కలోకి రాదు. నాకు నచ్చని నిబంధన, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

దక్షిణ కొరియా ఇంగ్లీష్ టీచర్ వీసా మామూలుగా ఏడు దేశాల పాస్‌పోర్టులకే ఇస్తుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం వల్ల, టీచింగ్ అర్హత ఉన్న భారతీయులకు అసిస్టెంట్ టీచర్‌గా ఒక సన్నని దారి ఉంది. దాని మీదే ఆశ పెట్టుకుని ఏడాది ఖాళీగా కూర్చోవద్దు. చైనా కూడా అలాంటిదే. అక్కడ 2021లో ప్రైవేట్ ట్యూషన్ సెంటర్ల మీద దెబ్బ పడ్డాక అవకాశాలు ఇంకా తగ్గాయి.

బ్రిటన్ గురించి చాలామంది సగం విని వస్తారు. 2023 నుంచి భారతీయ టీచర్లు అక్కడి క్వాలిఫైడ్ టీచర్ హోదాకు దరఖాస్తు చేసుకోవచ్చన్నది నిజం. అయితే మన దేశం నుంచి తీసుకునేది లెక్కలు, సైన్స్, విదేశీ భాషలు చెప్పేవాళ్లను. ఇంగ్లీష్ టీచర్ ఆ జాబితాలో లేడు. అమెరికా జే-1 టీచర్ వీసాకు కనీసం రెండేళ్ల బోధన అనుభవం కావాలి, అదీ మూడేళ్లకు, పొడిగిస్తే ఐదేళ్లకు. కాబట్టి కొత్తగా కాలేజీ దాటినవాళ్లకు పశ్చిమ దేశాలు మొదటి మెట్టు కావు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. ఫుల్‌బ్రైట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ వాళ్ల ఎఫ్ఎల్‌టీఏ పథకం కింద మన దేశపు యువ ఇంగ్లీష్ టీచర్లు అమెరికా యూనివర్సిటీలకు తొమ్మిది నెలలు వెళ్లి, అక్కడి విద్యార్థులకు మన భాషలు నేర్పుతారు. భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. ఇంగ్లీష్ చెప్పుకుని బతుకుదామని బయల్దేరి అమెరికాలో అ ఆలు దిద్దించడం తమాషాగానే ఉంటుంది కానీ, తిరిగొచ్చే తేదీ ముందే తెలిసిన ప్రయాణం కాబట్టి ఇంట్లోవాళ్లకు ఊరట.

రాత్రికి రాత్రి ఇంటికి రావాలంటే

మ్యాప్ చూసి మోసపోవద్దు. మన అదృష్టం ఏమంటే, అనంతపురం వాళ్లకు బెంగళూరు ఎయిర్‌పోర్టు, కర్నూలు వాళ్లకు శంషాబాద్, రెండూ 44వ జాతీయ రహదారి దగ్గర, నగరానికి మన వైపునే ఉన్నాయి. ట్రాఫిక్‌లో చిక్కకుండా దిగిన మూడు నాలుగు గంటల్లో ఇల్లు చేరొచ్చు. కడప వాళ్లకు బెంగళూరైనా చెన్నై అయినా కొంచెం ఎక్కువ పడుతుంది. బ్యాంకాక్ నుంచి గానీ దుబాయ్ నుంచి గానీ విమానం దాదాపు నాలుగు గంటలు. అంటే దూరం అసలు అడ్డంకి కాదు. అడ్డంకి కాగితంలో ఉంటుంది.

కువైట్‌లో 2025 జూలై 1 నుంచి ప్రైవేట్ రంగంలో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని అనుమతితో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. అక్కడి ప్రభుత్వ యాప్ సాహెల్‌లో పెట్టుకోవచ్చు, మంచి మేనేజ్‌మెంట్ అయితే వెంటనే ఒప్పుకుంటుంది. కానీ పరీక్షల సమయంలో, ఇద్దరు టీచర్లు అప్పటికే సెలవులో ఉంటే? మీ ప్రయాణం ఇంకొకరి బటన్ మీద ఆధారపడి ఉంటుంది. యూఏఈలో అలాంటి పర్మిట్ లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం కూడా అక్కడ చట్టవిరుద్ధం. నా వరకు ఈ ఒక్క తేడాతోనే షార్జా, దుబాయ్ కువైట్ కంటే ముందుకొస్తాయి.

అయితే యూఏఈలోనూ ఒకటి చూసుకోండి. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం తల్లి, తండ్రి, తోబుట్టువు పోతే జీతంతో ఇచ్చే సెలవు 3 రోజులు. భార్య లేదా భర్త పోతే 5 రోజులు. రానూపోనూ ప్రయాణానికే రెండు రోజులు పోతే మట్టి వేసి వెనక్కి తిరగడమే. పెద్దకర్మ దాకా ఉండాలంటే జీతం లేని సెలవు ఎన్ని రోజులు ఇస్తారో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టక ముందే అడిగి రాయించుకోండి. చేరకముందే చావు మాటేంటి అని మొహమాటపడతారు. హెచ్ఆర్ వాళ్లకు ఇది రోజూ వినే ప్రశ్నే, ఏమీ అనుకోరు.

థాయ్‌లాండ్‌లో కథ వేరు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ తిరిగి లోపలికి రావడానికి ఇచ్చే రీ ఎంట్రీ పర్మిట్ లేకుండా దేశం దాటితే మీ నివాస పొడిగింపు అక్కడితో రద్దయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి వీసా. ఒక్కసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చే పర్మిట్‌కు 3,800 బాత్ నేనున్నప్పటి లెక్క. ఉద్యోగంలో చేరి వీసా పొడిగించిన వారంలోనే రెండోది తీసి పాస్‌పోర్టులో పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. నాతో పనిచేసిన ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి అది లేక, తల్లికి బాగోలేదని తెలిసిన రాత్రి బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ కోసం ఏడుస్తూ పరుగెత్తింది. జపాన్‌లో ఈ బాధే లేదు. ఏడాదిలోపు తిరిగొచ్చేట్టయితే బయల్దేరేటప్పుడు కార్డు మీద ఒక గడిలో టిక్కు పెడితే చాలు. ఈ విషయంలో జపాన్‌దే మొదటి మార్కు. కాకపోతే అప్పటికప్పుడు కొనే టికెట్ మిగతా చోట్ల కంటే బరువు.

ఫోన్ గంటలు

రోజూ ఇంటికి ఫోన్ చేస్తాలే అనుకుంటాం. అది ఎన్నింటికి, ఏ యాప్‌లో అన్నది కూడా దేశాన్ని బట్టే.

థాయ్‌లాండ్, వియత్నాం మనకంటే గంటన్నర ముందు. అక్కడ రాత్రి భోంచేసి కూర్చునేసరికి ఇక్కడ అమ్మ సీరియల్ టైం. వారంలోనే అలవాటైపోతుంది. యూఏఈ, ఒమన్ మనకంటే గంటన్నర వెనక, కువైట్, ఖతార్, సౌదీ రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగించుకుని, వంట చేసుకుని, తీరిగ్గా కూర్చునేసరికి ఇక్కడ పెద్దవాళ్లు నిద్రపోయి ఉంటారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సాయంత్రం బడి బస్సులోంచే అమ్మతో మాట్లాడేస్తారు. జపాన్ మూడున్నర గంటలు ముందు. మీకు నిద్ర ముంచుకొచ్చే వేళకు ఇక్కడ అందరూ ఇంటికి చేరుతుంటారు, అది కొంచెం ఇబ్బందే. అమెరికా తూర్పు తీరంతో తేడా కాలాన్ని బట్టి తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు. వాళ్ల ఉదయం మన సాయంత్రం అనుకుంటే సరిపోతుంది.

యాప్ సంగతి ఇంకా ముఖ్యం. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి కానీ కాల్స్ కలవవు. అక్కడ కాల్స్ కలిసే బొటిమ్ లాంటి యాప్ ఇక్కడ అమ్మ ఫోన్‌లో వేసి, రెండుసార్లు మాట్లాడించి, అలవాటు చేసి వెళ్లాలి. విమానం ఎక్కాక పక్కింటి పిల్లాడు వేసిపెడతాడులే అనుకోవద్దు. చైనాది మరీ విడ్డూరం: అక్కడ వాట్సాప్ లేదు, అక్కడ అందరూ వాడే వీచాట్‌ను మన దేశం 2020 జూన్‌లో నిషేధించింది. కర్నూలుకూ అక్కడికీ మధ్య ఒక మామూలు వీడియో కాల్ కలపడమే పెద్ద పని. చైనాను నా జాబితాలోంచి తీసేయడానికి వీసా కంటే ఇదే పెద్ద కారణం.

పండక్కి రాగలమా?

ఇక్కడ థాయ్‌లాండ్ అనుకోకుండా గెలుస్తుంది. అక్కడి బడులు మే మధ్యలో తెరిచి, అక్టోబర్‌లో కొన్ని వారాలు మూసి, నవంబర్ నుంచి మార్చి దాకా నడుస్తాయి. అంటే దసరా, దీపావళి చుట్టుపక్కల ఒక సెలవు, ఉగాది నుంచి పెళ్లిళ్ల ముహూర్తాల దాకా ఇంకో సెలవు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు కూడా కొబ్బరికాయలు తీసుకుని వచ్చే సందడి చూడాలంటే ఆ క్యాలెండరే మేలు. కానీ ఒక మెలిక ఉంది. ఏజెన్సీ ద్వారా చేరితే కాంట్రాక్టు చాలాసార్లు 10 లేదా 11 నెలలకే రాస్తారు, ఆ సెలవు నెలకు జీతం ఉండదు. 12 నెలల కాంట్రాక్టేనా అని అడగండి.

గల్ఫ్‌లో పెద్ద సెలవులు జూలై, ఆగస్టుల్లో. అందరూ ఒకేసారి బయల్దేరతారు కాబట్టి టికెట్ ధర కళ్లు తిరిగేలా ఉంటుంది, ఇక్కడేమో ఆషాఢం. సంక్రాంతి, ఉగాది ఫోన్‌లో చూడాల్సిందే. రంజాన్ చేసుకునే కుటుంబాలకు మాత్రం ఆ నెలంతా బడి గంటలు తగ్గుతాయి, ఈద్‌కు సెలవులుంటాయి. వారాంతం కూడా చూసుకోండి: యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం పూట (షార్జాలో పూర్తి సెలవు). కువైట్, ఖతార్, సౌదీ, ఒమన్ ఇంకా శుక్ర, శనివారాలే. కువైట్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడ అందరూ ఇంట్లో ఉండే ఆదివారం మామూలు పని దినం.

క్లాసులో, జేబులో

గల్ఫ్ ఇండియన్ స్కూల్లో మీరు చేసే పని కడప ప్రైవేట్ స్కూల్లో చేసిందే. నోట్‌బుక్ కరెక్షన్లు, యూనిట్ టెస్టులు, పేరెంట్స్ మీటింగ్‌లో అదే టెన్షన్. టీచర్‌గా కొత్తగా నేర్చుకునేది తక్కువ, కానీ ఆదాయ పన్ను లేని జీతం, చివర్లో గ్రాట్యుటీ ఉంటాయి. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున లెక్కిస్తారు. అందుకే మూల వేతనం తక్కువ, అలవెన్సులు ఎక్కువ అని రాసి ఉంటే జాగ్రత్తపడండి. ఇంటి అద్దె ఇస్తారా, నలుగురితో పంచుకునే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని (బెడ్ స్పేస్) ఉండాలా అన్నదాన్ని బట్టి మిగులు మారిపోతుంది.

థాయ్‌లాండ్‌లో ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకు ప్రకటనల్లో కనిపించేది ఎక్కువగా నెలకు 18,000 నుంచి 25,000 బాత్. పక్క క్లాసులో అదే పాఠం చెప్పే బ్రిటన్ కుర్రాడికి 30,000 దాటి ఇస్తారు. చర్మం రంగు, పాస్‌పోర్టు రంగు జీతంలో కనిపిస్తాయి. దీన్ని మనసుకు తీసుకునేవాళ్లు అక్కడికి వెళ్లి బాధపడతారు. వియత్నాంలోనూ ఇదే తేడా. మిగిల్చి పంపేది గల్ఫ్ కంటే తక్కువే. కానీ క్లాసులో మీరే రాజు. 40 మంది పిల్లలతో ఆటలాడించి, పాడించి, మాట్లాడించడం నేర్చుకుంటారు. ఆ నేర్పు తిరిగొచ్చాక నాకు అన్నం పెడుతోంది. జపాన్‌లో జీతం, పద్ధతి రెండూ బాగుంటాయి, కానీ అసిస్టెంట్ టీచర్ అన్న మాటకు తగ్గట్టు పక్కన నిలబడి చదివి వినిపించే రోజులు కూడా ఉంటాయి.

డీఎస్సీ కోసం ఆలోచించేవాళ్లకు ఒక మాట. అందులో 80 మార్కులు పరీక్షవి, 20 టెట్ వెయిటేజీ. విదేశీ అనుభవానికి సున్నా. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు గల్ఫ్‌లో మధ్యలో ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లు, రాలేక ఊరుకున్నవాళ్లు ఇద్దరూ నాకు తెలుసు. సర్కారు ఉద్యోగమే లక్ష్యమైతే ఏడాది కాంట్రాక్టు దాటి సంతకం పెట్టొద్దు.

ఒంటరితనం ఎక్కడ తక్కువ?

కువైట్‌ను ఇప్పటిదాకా కిందికి తోశాను కానీ, ఈ విషయంలో దాన్ని ఎవరూ కొట్టలేరు. రాజంపేట, రాయచోటి, కడప నుంచి తరతరాలుగా వెళ్లినవాళ్లు అక్కడ ఉన్నారు. శుక్రవారం పొద్దున సంగటి, నాటుకోడి పులుసు తినడానికి పిలిచే ఇల్లు దొరుకుతుంది. జ్వరమొస్తే కషాయం తెచ్చే పిన్ని దొరుకుతుంది. ఆడపిల్లను మొదటిసారి బయటికి పంపే తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. అక్కడ సొంత మేనమామో పెదనాన్నో ఉంటే ఎగ్జిట్ పర్మిట్ ఇబ్బందిని కూడా భరించొచ్చు. ఎవరూ లేకపోతే ఆ లాభం సగానికి పడిపోతుంది.

థాయ్ చిన్న ఊర్లో మీరే ఏకైక తెలుగువారు కావచ్చు. కూరగాయల కూర అని తెచ్చిన దాంట్లోనూ చేపల సాస్ ఉంటుంది. మొదటి మూడు నెలలు కష్టం. ఆ తర్వాత పక్కింటి ముసలావిడ తలుపుకు మామిడిపళ్లు తగిలించి వెళ్లడం మొదలుపెడుతుంది. ఇలాంటి స్నేహం గల్ఫ్‌లో స్థానికులతో దొరకడం అరుదు. మనవాళ్ల మధ్యే ఉండాలనుకునే స్వభావమా, కొత్తవాళ్లలో కలిసిపోయే స్వభావమా అన్నది మీకే తెలియాలి. ఇంటర్‌లో హాస్టల్‌లో ఎలా ఉన్నారో గుర్తు తెచ్చుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

మాల్దీవుల నుంచి కూడా టీచర్ పోస్టుల ప్రకటనలు వస్తుంటాయి. మనకంటే అరగంటే వెనక, బెంగళూరు నుంచి రెండు గంటల విమానం. మ్యాప్‌లో ఇదే దగ్గర. కానీ రాజధానికి దూరంగా ఉన్న దీవిలో వేస్తే పడవ దొరికితేనే ఎయిర్‌పోర్టు. పూజకు విగ్రహాలు తీసుకెళ్లడం కస్టమ్స్ ఒప్పుకోదు, అమ్మ పెట్టెలో సర్దిన వెంకన్నను ఇంట్లోనే వదలాలి. దీవి పేరు చెప్పకుండా ఇచ్చే ఆఫర్‌కు ఒప్పుకోవద్దు.

నా ఎంపిక

బీఈడీ ఉండి, ఇంటి అప్పు తీర్చాల్సి ఉంటే యూఏఈ. అక్కడ దగ్గరి బంధువులుంటే కువైట్. బీఈడీ లేక, వయసు ఇరవై నాలుగైదు, ఇంటి బాధ్యత తోబుట్టువు చూసుకుంటే థాయ్‌లాండ్, ఏడాది రెండేళ్లకు మించకుండా. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం చదివి, నిదానంగా కుదురుకునే ఓపిక ఉంటే జపాన్. వియత్నాం థాయ్‌లాండ్ దొరకనప్పుడు. తల్లిదండ్రుల్లో ఒకరికి డయాలసిస్ లాంటి నిత్యం తిరగాల్సిన వైద్యం నడుస్తుంటే, చూసుకునేవాళ్లు మీరొక్కరే అయితే, ఈ ఏడాది ఏ దేశమూ వద్దు. బెంగళూరులోనే చేరండి, వారం వారం రావొచ్చు.

ఏజెంటు టూరిస్ట్ వీసా మీద రమ్మంటే ఏ దేశమైనా సరే వెళ్లకండి. థాయ్‌లాండ్ పేరు చెప్పి సరిహద్దు దాటించి మయన్మార్, కంబోడియాల్లో సైబర్ మోసాల కేంద్రాల్లో మన కుర్రాళ్లను బంధించిన సంగతి తెలిసిందే. 2022 నుంచి విదేశాంగ శాఖ హెచ్చరిస్తూనే ఉంది. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగితే అక్కడే లేవండి. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ వాళ్ల ఈమైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి, విదేశీ ఉద్యోగాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని కూడా అడగొచ్చు.

డిగ్రీ సర్టిఫికెట్లు అసలైనవేనని ధ్రువీకరించే అటెస్టేషన్‌కు సమయం పడుతుంది, ఆఫర్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. జపాన్‌కు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు, యూఏఈ, కువైట్‌లకు ఎంబసీ అటెస్టేషన్ కూడా కావాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు సామాన్లలో గసగసాలు లేకుండా చూసుకోండి. యూఏఈ, సౌదీల్లో అవి నిషేధం, మన ఇళ్లల్లో కొట్టే మసాలా పొడిలో కలిసి ఉంటాయి. కొన్ని దగ్గు మందులకు, నొప్పి మాత్రలకు డాక్టర్ చీటీ తప్పనిసరి.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక కవరు పెట్టి వెళ్లండి. మీ పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టుల జిరాక్సులు, స్కూలు ఆఫీసు నంబరు, అక్కడి భారత ఎంబసీ నంబరు, మీతో ఉండే ఒక సహోద్యోగి నంబరు. అమ్మానాన్నల ఆరోగ్య బీమా కార్డు, వాళ్లు వాడే మందుల చీటీ, ఆసుపత్రికి వెంట వెళ్లగల దగ్గరి మనిషి పేరు. ఒక్క వైపు విమాన టికెట్‌కు సరిపడా డబ్బు దేనికీ ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచండి. మొదటి రెండు జీతాల్లోంచి అది పూర్తయ్యాకే ఇంటికి పంపడం మొదలుపెట్టండి.